మంచులో బావ చాపిన చెయ్యి

నెలరోజులుగా మా ఏటిగట్టు మీద పొద్దున్నే ఒక వినోదం నడుస్తోంది. మా చెల్లెలి మనవరాలు, మలికిపురంలో ఒక బడిలో వ్యాయామం టీచరుగా చేస్తున్న పిల్ల, వీపున సంచీలో ఇసుక నింపిన సీసాలు వేసుకుని గట్టు వాలు మీద పైకీ కిందికీ, పైకీ కిందికీ, చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేదాకా ఎక్కి దిగుతోంది. జనవరిలో హిమాలయాలకి వెళ్ళి స్కీయింగ్ అనే మంచు మీద జారే విద్య రెండు వారాలు నేర్చుకుంటుందిట. అంతకంటే ముందు కాళ్ళు గట్టిపడాలిట. మా కోనసీమలో కొండ అన్నది లేదు కాబట్టి, ఉన్న ఎత్తల్లా ఏటిగట్టూ తుఫాను షెల్టరు మెట్లే కాబట్టి, ఆ రెండింటినీ అరగదీస్తోంది. పాలు పొయ్యడానికి వెళ్ళేవాళ్ళు సైకిలు దిగి మరీ చూస్తున్నారు. "పాపగారు పోలీసు సెలక్షన్లకి వెళ్తన్నారాండీ?" అని ఒకాయన అడిగితే, కాదండీ, మంచు మీద జారడం నేర్చుకోడానికి వెళ్తోంది అన్నాను. "ఆయ్, జారడం కూడా నేర్చుకోవాలాండీ?" అన్నాడాయన, వానాకాలం చేలగట్ల మీద పుట్టి పెరిగిన మనిషి కనక.

ఆయనతోపాటు నేనూ నవ్వాను గాని, నా నవ్వులో పస లేదు. ఎందుకంటే అదే గట్టు మీద, అదే మంచు కోసం, యాభై ఏళ్ళ కిందట నేనూ ఊరందరికీ ఇలాగే వినోదం పంచిపెట్టినవాణ్ణి.

నేనూ మా బావా కలిసి సైన్యంలో చేరాం. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఆర్నెల్లు పెద్ద. మా చెల్లెలికీ అతనికీ సంబంధం వాళ్ళకి ఊహ తెలియకముందే పెద్దవాళ్ళు అనుకుని ఉంచారు. మొదటి ఏడాది మైదానాల్లో గడిచిపోయింది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు, ఈ చలికాలం మీ ఇద్దరికీ మంచుకొండల మీద డ్యూటీ, ఒళ్ళు సిద్ధం చేసుకుని రండి అని ఉత్తరం వచ్చింది. ఒళ్ళు సిద్ధం చేసుకోవడం అంటే ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. మంచంటే ధనుర్మాసంలో కొబ్బరితోటల్లో పొద్దున్నే పట్టే పొగమంచు తప్ప మాకు తెలియదు. అందుకని మాకు తోచినట్టు, కొబ్బరికాయల బస్తా చెరొకటి భుజాన వేసుకుని గట్టు ఎక్కడం దిగడం మొదలుపెట్టాం. మా మేనత్త గట్టు కింద నిలబడి, ఆ కాయలేవో రాజోలు సంతకి మోస్తే నాలుగు డబ్బులు వస్తాయి కదరా అని సాధించేది.

ఇక్కడ మా పాయ సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. మన వయసువాళ్ళలో ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. మా ఊరికీ ఎదురుగా ఉన్న లంకకీ మధ్య గోదావరి పాయ ఒకటి ఉంది. నీళ్ళు తీసిన రోజుల్లో మోకాలిలోతు, కొన్నిచోట్ల నడుంలోతు. లంకలో కూరగాయల పనికి వెళ్ళేవాళ్ళు దాన్ని నడిచే దాటేవారు. ముందు దారి తెలిసిన పెద్దమనిషి, ఆయన వెనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పదీ పన్నెండు మంది. అడుగున ఇసుకలో గుంటలు ఏటేటా చోటు మారతాయి. ఎవరి కాలైనా గుంటలో దిగితే కేక వెయ్యడం ఉండదు, చెయ్యి చాపడమే, పక్కవాళ్ళు అందుకోవడమే. మాకు నడక వచ్చిన ఏడాదే ఇదీ వచ్చింది. ఎప్పుడో మా తాతల కాలంలో ఒకాయన చాపిన చెయ్యి అందుకోలేదని, ఆయన మనవల్ని కూడా ఆ మాటతోనే గుర్తుపట్టేవారు మా ఊళ్ళో.

కొండల మీద మాకు పాఠం చెప్పిన హవల్దారు ఆ కొండల్లోనే పుట్టినవాడు, పొట్టివాడు, అవసరానికి మించి ఒక్క మాట ఖర్చుపెట్టేవాడు కాదు. కాళ్ళకి పొడవాటి చెక్క స్కీలు కట్టుకుని నిలబడటానికే మాకు వారం పట్టింది. మేమిద్దరం పడినన్నిసార్లు ఆ శిబిరంలో ఇంకెవరూ పడలేదని నిస్సంకోచంగా చెప్పగలను. అయితే ఆయన జారడం కంటే ఎక్కువగా నేర్పింది మంచు విరిగిపడటం గురించి. కొత్తమంచు పాతమంచు మీద అతుక్కోకుండా ఉంటుందని, మనిషి బరువుకి వాలు మొత్తం పలకగా ఊడి కిందికి వస్తుందని, దానికింద పడ్డవాడికి నిమిషాలే ఆయుష్షని గుంటలు తవ్వి పొరలు చూపించి చెప్పేవాడు. నడుముకి ఎర్రతాడు ఒకటి కట్టుకుని తోకలా వెనక వదలమనేవాడు. మనిషి కూరుకుపోయినా తాడు కొస పైకి తేలుతుందని ఆశ. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటి. అనుమానం ఉన్న వాలుని ఒక్కడే దాటాలి, మిగిలినవాళ్ళు కదలకుండా నిలబడి అతన్నే చూడాలి. మంచు కదిలితే చివరిసారి ఎక్కడ కనపడ్డాడో ఆ చోటు మీంచి కళ్ళు తియ్యకూడదు. వెతికేవాళ్ళకి ఆ చూపే దారి. నేను ఇదంతా వచ్చీరాని హిందీలో అప్పచెప్పి శభాష్ అనిపించుకున్నాను కూడా.

తరవాత మూడు వారాలకి, ఎనిమిది మందిమి ఒక వాలు దాటుతున్నాం. పెద్దదేమీ కాదు, మా ఊరి రేవు వెడల్పు కూడా ఉండదు. ఒక్కొక్కళ్ళే దాటి, అవతల చేరినవాళ్ళు గాలికి తట్టుకోలేక బండ చాటుకి వెళ్ళిపోయారు. ఇవతల మిగిలింది బావా నేనూ. బావ బయలుదేరాడు, అతన్ని చూసే పని నాది. సగం దాటేక అతని స్కీ పట్టీ ఊడి పక్కకి ఒరిగి పడ్డాడు. పడ్డవాడు లేచి పట్టీ బిగించుకుని వెళ్ళిపోవలసిందే, అంతకంటే ఏమీ లేదు. కాని పడుతూనే అతను వెనక్కి, నా వైపు చూడనైనా చూడకుండా, చెయ్యి చాపాడు.

నేను వెళ్ళాను. ఆలోచించి వెళ్ళానని చెప్పుకోవడానికి లేదు, తప్పని తెలిసి వెళ్ళానని చెప్పుకోవడానికీ లేదు. చెయ్యి చాపాడు, వెళ్ళాను. వెళ్ళి పట్టుకున్నాను కూడా. ఆ మరుక్షణం కాళ్ళ కింద దబ్బుమని ఒక చప్పుడు అయింది, వాలు వాలంతా కదిలింది, నేను ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ చెయ్యి నా పట్టులో నిలవలేదు.

నా ఎర్రతాడు కొస పైకి తేలింది కనక నన్ను త్వరగానే తవ్వి తీశారు. బావ తాడు అతనితోపాటే లోపల ఉండిపోయింది. అతనెక్కడ, ఎక్కడ చూశావు చివర అని అందరూ నన్నే అడుగుతున్నారు. చూడవలసినవాణ్ణి నేను, చూడలేదు, నేనూ మంచు కిందే ఉన్నాను. ఆ చివరనుంచి ఈ చివరకి పొడవాటి కర్రలు గుచ్చుకుంటూ వెతికారు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను, నాకు ఆ కాసేపట్లో మా మేనత్త మొహం, మా చెల్లెలి మొహం తప్ప ఇంకేమీ గుర్తులేదు. మొహం ముందు కాస్త ఖాళీ మిగలడంవల్ల బావ ప్రాణంతో దొరికాడు. కుడిచేతికి మాత్రం గ్లౌజు లేదు. అది నా గుప్పిట్లో ఉంది. అప్పటిదాకా నేనే గమనించలేదు.

చలికి చచ్చుబడిన ఆ చేతికి మూడు వేళ్ళు తీసేశారు. హవల్దారు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆస్పత్రి గుడారం బయట నిలబడి, నువ్వు నిలబడి చూసి ఉంటే ఇది పది నిమిషాల పని అని మాత్రం అన్నాడు. అని, చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

బావని ఇంటికి పంపేశారు. నేను మళ్ళీ సెలవు మీద ఊరు చేరేసరికి కథ తయారుగా ఉంది. మంచుకొండ విరిగి మీద పడుతున్నా నేను బావ చెయ్యి వదల్లేదని, అందుకే అతను బతికాడని, గ్లౌజు ఊడి వచ్చేటంత గట్టిగా పట్టుకున్నానని. బావ ఏం చెప్పాడో, మేనత్త ఏం కలిపిందో నాకు తెలియదు. ఆదివారం చర్చిలో నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడి దయ అని కూచున్నాను. అది అణకువ అనుకుని ఇంకా మెచ్చుకున్నారు. నిజం చెబితే చెల్లెలి పెళ్ళి ఆగిపోతుందేమోనని అప్పుడు భయపడ్డాను, పెళ్ళయ్యేక ఇప్పుడెందుకులే అనుకున్నాను, ఆ అనుకోవడంలోనే ఇన్నేళ్ళూ వెళ్ళిపోయాయి. బావ ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, బడిలో గుమాస్తాగా చేసి, పిల్లల్ని పెంచి, రెండేళ్ళ కిందట కన్నుమూశాడు. ఆ వాలు గురించి మేమిద్దరం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఆ గ్లౌజు మాత్రం మా చెల్లెలి బీరువాలో, కలరా ఉండల మధ్య, పట్టుచీరల పక్కన ఉంటుంది. ఇంట్లో పిల్లలు చేరినప్పుడల్లా బయటికి తీసి చూపిస్తుంది.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేక చెల్లెలింటికి వెళ్ళాను. తను వసారాలో కూచుని, చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతోంది. మనవరాలు ఫోనులో మంచు ప్రమాదాల పాఠం వింటోంది. ఇప్పుడు ఎర్రతాళ్ళు లేవుట, గుండెకి కట్టుకునే చిన్న యంత్రం ఒకటి మంచుకింద నుంచి కూడా సంకేతం పంపుతుందిట. నాకు అవన్నీ చూపించి, ఆ పిల్ల ఫోను పక్కన పెట్టింది.

"తాతయ్యా, ఒక మాట అడిగితే ఏమీ అనుకోకండి. ఒకళ్ళు దాటుతుంటే రెండోవాళ్ళు వాలు మీదకి వెళ్ళకూడదని చెప్తన్నారు. మరి మీరు తాతగారి చెయ్యి పట్టుకోవాలంటే వాలు మీదకి వెళ్ళుండాలి కదా?"

కత్తి చప్పుడు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న. ఇప్పుడు కూడా దాటెయ్యొచ్చు, నా వయసువాడు మర్చిపోయాను అంటే కాదనేవాళ్ళుండరు. కాని ఈ పిల్ల ఆ కథ వింటూ పెరిగింది, ఆ గ్లౌజు ముట్టుకుని పెరిగింది, రేపు అక్కడ ఎవరైనా పడితే దీని కాళ్ళు ఎటు వెళ్తాయో నాకు తెలుసు. అందుకని చెప్పేశాను. వెళ్ళకూడదని నాకు నేర్పారని, వెళ్ళానని, నేను నిలబడి చూసి ఉంటే వాలు కదిలేదో కాదోగాని, కదిలినా మీ తాతగారిని వెంటనే తీసేవాళ్ళని, గ్లౌజు నేనే ఊడలాగానని, ఆ వేళ్ళు నా మూలాన్నే పోయాయని.

కత్తి ఆగింది. చెల్లెలి వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. తనే అంది.

"ఆయన చెయ్యి చాపేరంటున్నావు కదా అన్నయ్యా. నువ్వు అందుకోకుండా నిలబడి చూసేవని తెలిస్తే, నేను నిన్ను మా గుమ్మం తొక్కనిచ్చేదాన్నా?"

తను నూనె చేతుల్ని గుడ్డకి తుడుచుకుని మనవరాలి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం ఎవరికీ చెయ్యి చాపకమ్మా. ఎవరైనా చాపినా..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చెయ్యడం తన వల్ల కాలేదు, మళ్ళీ కత్తి అందుకుంది.

మర్నాడు పొద్దున్న పిల్ల లంకలో ఇసుక మీద నడుస్తానంది. ఇసుకలో నడిస్తే పిక్కలు గట్టిపడతాయిట. పాయ మోకాలిలోతుకి మించని చోటు చూసి, చెప్పులు విడిచి నేనూ దిగబోయాను, అలవాటుగా చెయ్యి ముందుకి వచ్చేసింది. "మీరు ఒడ్డునే ఉండండి తాతయ్యా. నన్ను చూడండి చాలు," అంది. ఒక్కతే దిగింది.

ఇప్పుడు ఆ పాయని ఎవరూ గొలుసుగా దాటరు. ఎగువన వంతెన పడింది, లంక పనికి ఆటోల్లో వెళ్తున్నారు, మా పిల్లలకి పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగడం తెలియదు. తెలియకపోవడమే నయమేమో, కనీసం ఈ పిల్లకి అది మరిచిపోయే కష్టం లేదు. కాని పదిమంది చేతులు కలిపి నడిచేటప్పుడు ఉండే ధైర్యం ఇంక ఆ నీళ్ళలో లేదన్నది కూడా నిజమే, దానికి నాకు బెంగగానే ఉంది.

పాయ మధ్యలో పిల్ల కాలు జారింది. రెండు చేతులూ గాలిలోకి లేచాయి. నా మడమలు ఇసుకలోంచి పైకి లేచాయి. నేను వెళ్ళలేదు. తను ఉన్న చోటు మీంచి కళ్ళు తియ్యకుండా నిలబడ్డాను, చెయ్యి మాత్రం దానంతటదే గుప్పిట బిగించుకుంది. పిల్ల నిలదొక్కుకుంది, అవతల ఒడ్డెక్కి, నేను ఉన్నానో లేదోనని వెనక్కి తిరిగి చూసింది. నేను ఒడ్డునే ఉన్నాను, బావా.