నేను కట్టిన రెండు కోటలు

ఆ రోజుల్లో మా కోనసీమలో ఒక కుర్రవాడు పత్రికకు వార్తలు రాస్తున్నాడంటే వాడికింకా ఉద్యోగం దొరకలేదని ఊరంతటికీ అర్థమైపోయేది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అమలాపురంలో ప్లీడరు బాబాయి ఇంట్లో ఉంటూ, ఎక్కడ కాలవ గట్టు తెగినా, సంతలో ఏ ఎద్దు బెదిరినా కార్డు ముక్క మీద రాసి బెజవాడలోని ఒక దినపత్రికకు పంపేవాణ్ణి. పది పంపితే ఒకటి అచ్చయ్యేది. అందులోనూ రెండు వాక్యాలు మిగిలేవి. తక్కినదంతా అక్కడి ఉపసంపాదకుడు కోసేసేవారు. మొహమైనా చూడకుండానే ఆయనకు కత్తెరగారని పేరు పెట్టుకున్నాను (మనసులోనే లెండి).

అలాంటి కత్తెరగారు ఒక్క అక్షరం కూడా కొయ్యకుండా వేసిన వ్యాసం నాది ఒకటుంది. రాజోలు వైపు, కాలవ పక్కన ఒక ఊళ్లో, ఒకదానికొకటి ఫర్లాంగు దూరంలో రెండు ఇటుకల దిబ్బలుండేవి. జనం వాటిని కోటదిబ్బలనేవారు. ఒక వేసవి మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, అక్కడి కొబ్బరితోటలో ఉన్న తాతగారిని పట్టుకున్నాను.

"ఇక్కడ రాణిగారి కోట ఉండేదటగా తాతగారూ?"

"ఆయ్."

"ఆ రెండోది మంత్రిగారిదేమో?"

"ఆయ్, మంత్రిగారిదేనండి."

"ఇటుకలు మాడి ఉన్నాయి. శత్రువులు తగలబెట్టేరా?"

"మరేనండి."

కోట అన్నాక సొరంగం ఉండకపోతే బాగుండదని ఆ మాట కూడా నేనే ఎత్తాను. తాతగారు దానికీ కాదనలేదు. అరగంటలో నా చరిత్ర పరిశోధన పూర్తయింది. మంటల్లోంచి మంత్రి చెయ్యి పట్టుకుని సొరంగంలోకి దిగి, మరి కనిపించకుండా పోయిన రాణి కథ ఆదివారం నాడు అచ్చయింది.

నెల తిరక్కుండా కత్తెరగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. భార్యతో కలిసి అంతర్వేది దర్శనానికి వస్తున్నారట. దారిలో ఒక పూట కోటలు చూస్తారట, నేనే చూపించాలట. కార్యాలయంలో ఒక ఖాళీ ఉంది, మనిషిని చూశాక నిర్ణయిస్తామని చివర ఒక ముక్క. బాబాయి ఉత్తరం రెండుసార్లు చదివి, "ఒరేయ్, ఆ రోజు మాత్రం మీ రాణిగారు ఊళ్లో ఉండేట్టు చూసుకోరా," అన్నాడు. నేను నవ్వాను. దిబ్బలు ఎక్కడికి పోతాయి కనక?

పడవలో దారి పొడుగునా నేనే మాట్లాడాను. కత్తెరగారు నేననుకున్నట్టు కోరమీసాల మనిషి కాదు. బక్కపల్చగా, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని గట్టున వెళ్లే కొబ్బరిచెట్లను లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. వారి ఇల్లాలు మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, అంత చీకట్లో ఎలా నడిచిందో!" అని రాణిగారి కోసం బాధపడ్డారు. ఆవిడ బాధ చూసి నేను సొరంగాన్ని ఇంకో అరమైలు పొడిగించాను.

దిబ్బ మీద మాడిన ఇటుకలు చూపించాను. ఏనుగులు కట్టిన చోటు చూపించాను (అది అప్పటికప్పుడు తోచింది). కత్తెరగారు అన్నీ చూసి, "ఆ తాతగారితో ఒకసారి మాట్లాడదాం," అన్నారు. తాతగారు కండువా దులిపి తలకు చుట్టుకుని వచ్చారు.

"ఇక్కడ రాణిగారు ఉండేవారాండీ?"

"ఆయ్, ఉండేవారండి అయ్యగారూ."

"ఏనుగులు?"

"ఆయ్."

"ఓడలు కూడా ఇక్కడికే వచ్చేవేమో?"

"ఆయ్, వచ్చేయండి."

కత్తెరగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకేమో అసలిక్కడ కోటే లేదనిపిస్తోందండీ."

"ఆయ్, లేదండి," అన్నారు తాతగారు, అంతే మర్యాదగా.

నా కాళ్ల కింద దిబ్బ కదిలినట్టయింది. పాక ముందు కొబ్బరాకులు అల్లుతున్న తాతగారి ఇల్లాలు, మామ్మగారు, ఇక ఆగలేక లేచి వచ్చింది. "కోటేటండీ బాబూ! ఇది మా మావగారి ఇటికల బట్టీ. అదేమో సున్నం బట్టీ. కాలవకి లాకులు కట్టినప్పుడు వేసేరు. మట్టి తీసిన గొయ్యేనండి, మీరు సొరంగం అంటున్నది. ఈయన పుట్టిందే ఈ పక్క పాకలో. ఈయనకి తెలీదనుకున్నారా?"

"మరి నాతో అవునన్నారు కదండీ తాతగారూ?" అన్నాను.

"బాబుగారు ఎండలో పడి అంతదూరం నించి వచ్చేరు. రాణిగారని మొహం ఇంత చేసుకుని అడిగేరు. లేదని ఎలా పంపించేస్తానండీ?" అని, నా వాలకం చూసి ఆయన కంగారుపడ్డారు. "బాబుగారి ఉద్యోగానికి ఏవన్నా అడ్డవాండీ? పోనీ ఉందనే రాసుకోండి. ఇది నోరెత్తకుండా నేను చూసుకుంటాను."

"నేనెందుకు ఊరుకుంటానూ!" అంది మామ్మగారు.

కత్తెరగారి ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కత్తెరగారు మాత్రం తాతగారికి నమస్కారం పెట్టి పడవ వైపు నడిచారు. నా ఉద్యోగం కాలవ నీళ్లలో కొట్టుకుపోతున్నట్టే కనిపించింది.

పడవ కదిలాక కాగితం ఇచ్చి, "సవరణ రాయి," అన్నారు. నిండా ఒక పేజీ రాశాను. స్థానికులు చెప్పిన వివరాలను బట్టి అని మొదలుపెట్టాను. ఆయన అక్కడే వేలు పెట్టారు.

"ఎవరు చెప్పారు?"

"తాతగారు..."

"ఆయన చెప్పిన మాట ఒక్కటి చూపించు."

ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. రాణి, మంత్రి, మంటలు, సొరంగం, అన్నీ నా ప్రశ్నల్లోవే. "నేనేనండి," అన్నాను.

"అయితే అదే రాయి." పేజీ నాలుగు వాక్యాలైంది. రాజోలు రేవులో దిగుతూ ఆయన వెనక్కి తిరిగారు. "ఒక్క అక్షరం కొయ్యకుండా వేసింది నేను. ఇందులో సగం తప్పు నాది. వచ్చే వారం వచ్చి చేరు. నా ఎదురుబల్ల దగ్గరే కూర్చో, ఒకరి తప్పులు ఒకరం చూసుకుందాం."

ముప్పై ఏళ్లకు పైగా పత్రికల్లో పనిచేశాను. రాణి వ్యాసం ఎప్పుడో పోగొట్టుకున్నాను కాని, ఆ నాలుగు వాక్యాల కత్తిరింపు మాత్రం ఇప్పటికీ డైరీలో ఉంది. ఇప్పుడైతే ఆ తాతగారి పక్కన ఊరికే కూర్చుని, ఆయన తండ్రి ఇటుకలెలా కాల్చేవాడో, లాకులు కట్టడానికి ఎక్కడెక్కడి వాళ్లు వచ్చారో చెప్పించుకునేవాణ్ణి. అది ఎంత మంచి కథ అయ్యేదో! కాని సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకి ఆనించి ప్రశ్నలడిగిన ఆ కుర్రవాడికి అంత తీరిక ఎక్కడిది? పాపం, వాడు సాయంత్రం టపా అందుకోవాలి.