బెర్నడెట్ చూడని ఆటలు

మా వీధిలో మగవాళ్ళు బేస్‌బాల్ గురించి వాదించుకుని ఎటూ తేలకపోతే, చివరికి బెర్నడెట్ కోవాచ్ ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేవారు. ఆమె చెప్పిందే తీర్పు. స్కూలు వంటశాలలో ఆమె, నేను పక్కపక్కన నిలబడి పనిచేసేవాళ్ళం. ఇళ్ళు కూడా పక్కపక్కనే, మధ్యలో ఒక కంచె. అందుకే ఒక ఏడాది శరత్కాలంలో ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆటంటే ఆమెకి వాళ్ళ నాన్న దగ్గర అబ్బిన పిచ్చి. చిన్నప్పుడు వేసవి సాయంత్రాలు ఆయన మెట్ల మీద రేడియో పెట్టుకుని కూర్చుంటే, ఈమె ఆయన మోకాలికి ఆనుకుని వినేది. మా జట్టు దేశంలో మొదటి జట్టుగా నిలిచే రోజు కోసం ఆయన జీవితమంతా ఎదురుచూశాడు. చూడకుండానే పోయాడు. ఆ ఎదురుచూపు ఇల్లూ వాకిలీ లాగే కూతురికి సంక్రమించింది.

భర్త లెనార్డ్‌కి మాత్రం ఆట అంటే ఏమీ పట్టేది కాదు. మా ఊరిని ఆనుకుని ఉన్న ఈరీ సరస్సు అడుగున ఉప్పు గనిలో అతని పని. పగలంతా వెలుతురు చూడని మనిషి కాబట్టి, ఇంటికొచ్చాక ఆకాశం తప్ప ఇంకేమీ వద్దన్నట్టు పెరట్లో తన పందెం పావురాల దగ్గరే ఉండిపోయేవాడు. మాట తక్కువ. మనసు మెత్తన. పెళ్ళైన కొత్తలో బెర్నడెట్ అతన్ని సరస్సు ఒడ్డున ఉన్న స్టేడియానికి తీసుకెళ్ళింది. ఆఖరి ఇన్నింగ్స్‌లో మా జట్టు గెలిచి, జనమంతా లేచి కేకలేస్తుంటే, లెనార్డ్ ఆమె చెయ్యి పట్టి లాగి అడిగాడట: "ఆట అయిపోవచ్చిందని ఈ సీగల్ పక్షులకి ముందే ఎలా తెలుస్తుందంటావ్? చూడు, తినేసి పారేసిన వాటి కోసం అప్పుడే వాలిపోతున్నాయ్!"

ఆ తర్వాత ఆమె మళ్ళీ అతన్ని స్టేడియానికి పిలవలేదు. ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉంది. "కాసేపొచ్చి పక్కన కూర్చోరాదూ లెన్?" అంటే, "నువ్వు చూడు బెర్నీ, నాకు పావురాలున్నాయిగా" అనేవాడు. సోఫాలో అటు చివర ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

నేను చెబుతున్న ఏడాది మా జట్టు వసంతంలో బాగానే మొదలుపెట్టింది. ఎండలు ముదిరేసరికి చతికిలపడింది. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం చేతిలోకి వచ్చిన ఆటని జారవిడిచారు. ఆ సాయంత్రం బెర్నడెట్ వరండాలో వేలాడే జట్టు జెండా పీకి, చుట్టచుట్టి, మెట్ల కింద గదిలోకి విసిరేసింది. ఎదురింటి గస్ చూడనే చూశాడు. భార్య పోయిన ముసలాయన గస్. పొద్దస్తమానం వీధి చూడటమే ఆయన ఉద్యోగం.

"ఏమ్మా బెర్నీ, జెండాకి సెలవులిచ్చావా?"

"సెలవులు కాదు గస్, ఏకంగా ఉద్యోగంలోంచే తీసేశా. ఇక ఈ జన్మకి చాలు."

"పోయినేడాది కూడా ఇదే మాటన్నావు."

"పోయినేడాది కోపంతో అన్నాను. ఇప్పుడు నాకు కోపం కూడా రావట్లేదు."

ఆ మాట నిజమే అనిపించింది నాకు. సెప్టెంబర్‌లో స్కూలు తెరిచాక వంటశాలలో రేడియో పెట్టనివ్వలేదు. ఆట ఊసెత్తితే ఉల్లిపాయల మీద కత్తి ఇంకాస్త గట్టిగా పడేది. అయితే విచిత్రం, సరిగ్గా అప్పుడే మా జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఆపైన వరసగా. పిల్లలు అన్నాల వేళ పళ్ళేలు పట్టుకుని అవే కబుర్లు. "గెలిస్తే గెలవనీ, నాకేంటట?" అనేది బెర్నీ.

ఒక మధ్యాహ్నం పిండి కోసం కొట్టుగదిలోకి వెళ్ళాను. బస్తాల వెనక చిన్న రేడియో చెవికి ఆనించుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఉందామె. నన్ను చూసి తుళ్ళిపడింది.

"ఏమే, ఉద్యోగంలోంచి తీసేశానన్నావు?" అన్నాను.

"నోర్ముయ్ ఐరీన్! ఇద్దరు అవుటయ్యారు, మూడో బేస్‌లో మనవాడున్నాడు, ఇంకొక్క మూల దాటితే పరుగే" అంది గుసగుసగా.

మర్నాడు జెండా మళ్ళీ వరండాలో ఎగిరింది. గస్ వీధి మధ్యలోకి వచ్చి మరీ టోపీ తీసి దానికి సలాం కొట్టాడు. బెర్నీ తలుపు చాటు నుంచి నవ్వు ఆపుకోలేకపోయింది.

సెప్టెంబర్ దాకా బాగా ఆడిన కొద్ది జట్లకే అక్టోబర్‌లో ఆట మిగులుతుంది. ఆఖరి రోజున మా వాళ్ళు ఆ కొద్దిమందిలో చేరారు. ఊరంతా పెళ్ళివారి ఇల్లైపోయింది. బెర్నీ మాత్రం చిక్కిపోయింది. తిండి సయించదు, పిలిచినా పలకదు. మొదటి ఆట ఇంట్లో కూర్చుని చూసింది. ఓడిపోయారు. రెండోది మధ్యాహ్నం ఆట. ఆ రోజు మా చర్చి నేలమాళిగలో అమ్మకానికి పిరోగీలు చేయాల్సిన వంతు మాది. బంగాళదుంప ముద్ద కూరి, కజ్జికాయల్లా అంచులు నొక్కుతూ ఆమె చూడనే లేదు. గెలిచారు. మూడోదాంట్లో మొదటినుంచీ వెనకబడే ఉన్నారు. విసిగిపోయి ఆరేసిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్ళింది. అంతలో ఇంట్లో టీవీలోంచి కేరింతలు, రెండు పరుగులు వచ్చాయి. పరుగెత్తుకొచ్చి కూర్చుంది, అవతలివాళ్ళు కొట్టారు. మళ్ళీ లేచి పెరట్లోకి పోయింది. అక్కడే, చేతిలో తడి దుప్పటితో నిలబడి ఉండగా, మావాళ్ళు గెలిచారు.

ఆ సాయంత్రం కంచె దగ్గర నాతో చాలా గంభీరంగా అంది: "నాకు అర్థమైపోయింది ఐరీన్. నేను చూస్తే ఓడతారు."

"నీకేమైనా మతిపోయిందా? వాళ్ళకి నువ్వెవరో కూడా తెలీదు!"

"వాళ్ళకి తెలియక్కర్లేదు. నాకు తెలుసుగా."

అంతటితో ఊరుకోలేదు. టీవీ కట్టేస్తే జట్టుని వదిలేసినట్టవుతుందని, ఇంట్లో ఎవరో ఒకరు చూడాలని పట్టుబట్టింది. ఇంట్లో ఉన్నది ఇంకెవరు? లెనార్డ్. పావురాల గింజల డబ్బా పట్టుకుని అతను గుమ్మంలో నిలబడి, "నాకు ఆటేమీ తెలీదే" అన్నాడు దీనంగా.

"తెలియక్కర్లేదు. నా చోట కూర్చో, అంతే. కదలకు."

కూర్చున్నాడు. గెలిచారు. ఇక అతనికి తప్పించుకునే దారి లేకపోయింది.

అప్పటికి సెల్‌ఫోన్లు మా చేతుల్లోకి రాలేదు కాబట్టి ఆటకి దొరక్కుండా ఉండటం కష్టం కాదు. ఆమె చర్చి నేలమాళిగకో, సరస్సు గట్టుకో వెళ్ళిపోయేది. వచ్చాక లెనార్డ్ ఏం జరిగిందో చెప్పాలి. మొదట్లో అతని కబుర్లు విని నేను కడుపుబ్బ నవ్వేదాన్ని. "గెలిచారు. ఆ గడ్డపాయన పాపం చాలా బెంగగా ఉన్నాడు. రెండో వాడికి కాలు నొప్పి, ఎవరికీ చెప్పట్లేదు" అనేవాడు. ఎన్ని పరుగులొచ్చాయంటే మాత్రం తెల్లమొహం వేసేవాడు.

ఒక రాత్రి భోజనాల దగ్గర లెనార్డ్ చెంచా పక్కన పెట్టి అడిగాడట. "బెర్నీ, ఇవాళ ఒక కుర్రాడు బలంగా కొట్టగలిగి కూడా బంతిని ఊరికే అలా ముందుకి తట్టి, తను అవుటైపోయాడు. అందరూ వాడి వీపు తట్టారు. ఎందుకూ?"

బెర్నీ ఉప్పుబుడ్డి, మిరియాల బుడ్డి, రెండు కప్పులు బల్ల మీద నాలుగు మూలలా పేర్చి చూపించింది. "ఈ నాలుగు మూలలూ చుట్టొస్తేనే ఒక పరుగు. ఇక్కడ ముందే ఒకడు నిలబడి ఉన్నాడు కదా. వాడు ఈ మూల నుంచి ఆ మూలకి చేరాలి. అందరూ ఆ చిన్న బంతి కోసం పరిగెడితే ఆ సందులో వాడు చేరతాడు."

"అంటే వాడు తెలిసే అవుటయ్యాడా?"

"తెలిసే."

లెనార్డ్ ఆ ఉప్పుబుడ్డిని ఈ మూల నుంచి ఆ మూలకి తనే జరిపి చూశాడట. "గనిలో మావాళ్ళలో కూడా అలాంటి వాళ్ళుంటారు" అన్నాడట తర్వాత. సూప్ చల్లారిపోయింది. అంతసేపు వాళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదట.

మావాళ్ళు మరో మెట్టెక్కారు. లెనార్డ్ ఇప్పుడు గనినుంచి వస్తూనే టీవీ పెట్టేవాడు. పావురాలకి గింజలు ఆలస్యమయ్యేవి, అవి గూళ్ళలో గోల పెట్టేవి. కంచె మీంచి నన్ను పిలిచి, బంతి విసిరే పిచ్చర్‌ని తొందరపడి మార్చారని ఫిర్యాదు చేశాడొకసారి.

బెర్నీకి మాత్రం ముఖంలో వెలుగు లేదు. ఒకరోజు నేలమాళిగలో మేమిద్దరమే ఉన్నాం. ఆమె పిరోగీ అంచులు నొక్కుతూ నొక్కుతూ ఆగిపోయింది.

"ఏప్రిల్‌లో ఓడినా నవ్వుకునేదాన్నే ఐరీన్. వాన, చలి, దుప్పటి కప్పుకుని చూసేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో! ఇప్పుడు గెలిచిన రాత్రి కూడా రేపటి ఆట గురించే బెంగ. ఆశ పెరిగేకొద్దీ ఇందులో సుఖం పోయింది."

"మరి మానెయ్."

"మానడమే కదా చేస్తున్నాను! చూడటం మానేశాను, తినడం మానేశాను." చేతిలో పిరోగీని బల్ల మీద పడేసింది. "అసలు సంగతి అది కూడా కాదే. నాకు కుళ్ళుగా ఉంది."

"ఎవరి మీద?"

"లెన్ మీద. ముప్పై ఏళ్ళు వచ్చి పక్కన కూర్చోమని అడిగాను. ఇప్పుడు కూర్చున్నాడు. నేనేమో ఇక్కడ పిండి పిసుక్కుంటున్నాను."

పిండి చేతులతోనే ఆమె భుజం నొక్కాను. ఇంటికెళ్ళి చూసుకుంటే ఆమె స్వెటర్ మీద నా వేళ్ళ ముద్రలున్నాయట.

చివరి పోటీలోకి వెళ్ళేదెవరో తేల్చే ఆట ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. గెలిస్తే ముందుకి, ఓడితే ఇంటికి. బెర్నీ, నేను సరస్సు గట్టు మీద నడుస్తున్నాం. గాలి చలిగా కొడుతోంది, మేపుల్ ఆకులు కాళ్ళ కింద తడిసి అంటుకుంటున్నాయి. రోడ్డు మీద ఒక్క కారు లేదు. ఇళ్ళలోంచి ఉండుండి ఒక్కసారిగా అరుపులు వచ్చేవి. అది సంతోషమో, దుఃఖమో దూరం నుంచి పోల్చుకోలేం. ప్రతి అరుపుకీ ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. తర్వాత చాలాసేపు ఏ ఇంట్లోంచీ చప్పుడు రాలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఇంటిదారి పట్టాం.

మా వీధి మలుపు తిరిగేసరికి లెనార్డ్ వరండాలో ఉన్నాడు. కాళ్ళకి మేజోళ్ళే, చెప్పులు లేవు. మమ్మల్ని చూసి మెట్లు దిగి వచ్చేశాడు.

"బెర్నీ! లోపలికి రా! ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగే వెనకున్నాం!"

ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. "నేను రాను లెన్. నేనొస్తే పోతుంది."

"పోతే పోనీ!" ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎదురింట్లో గస్ కూడా కిటికీ తెరిచాడు. లెనార్డ్ గొంతు తగ్గించాడు. "పోతే పోనీ బెర్నీ. నేనొక్కణ్ణీ కూర్చుని చూడలేను. నా వల్ల కాదు."

ఆమె నా చెయ్యి వదిలేసి అతని వెంట వెళ్ళింది. నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె తన చోట కూర్చుంది. లెనార్డ్ అటు చివర కూర్చోబోయి, జరిగి జరిగి ఆమె పక్కకే వచ్చాడు. ఇద్దరు అవుటయ్యారు. మూడోవాడు కూడా అయితే ఆట ముగిసినట్టే. ఒక బేస్‌లో మావాడున్నాడు. ఆ గడ్డపాయన బ్యాట్ పట్టుకుని వచ్చాడు. రెండు బంతులు వదిలేశాడు. మూడోది కొట్టాడు. బంతి ఎంత ఎత్తు లేచిందంటే, లెనార్డ్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పైకప్పు వైపు తలెత్తాడు. బయటి గోడ దాకా వెళ్ళింది, దాటితే గెలిచినట్టే. గోడకి వీపు ఆనించి అవతలి జట్టువాడు చెయ్యి చాచాడు. పట్టుకున్నాడు.

అయిపోయింది.

లెనార్డ్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నావల్లే. నిన్ను పిలిచాను. వద్దని చెప్పావు, అయినా పిలిచాను."

బెర్నీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అతని వీపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది. "మన వల్ల ఏమీ జరగదు లెన్. ఎప్పుడూ జరగలేదు. గాలి కాస్త ఇటు వీచి ఉంటే గోడ దాటేది, అంతే." అలా అంటున్నప్పుడు ఆ మాట ఆమె కూడా మొదటిసారి వింటున్నట్టు నాకనిపించింది.

అతను టీవీ కట్టేయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. మనవాళ్ళందరూ లోపలికి వెళ్ళేదాకా ఉండాలి. మా నాన్న అలాగే ఉండేవాడు." ఆటగాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకుని లోపలికి పోతున్నారు. చివరికి ఆ గడ్డపాయన ఒక్కడే మిగిలాడు, గోడ వైపు చూస్తూ. అతను కూడా వెళ్ళిపోయాక అప్పుడు కట్టేసింది. లేచి స్టవ్ మీద సూప్ పెట్టింది. రెండు వారాలుగా సరిగా తినని మనిషి ఆ రోజు రెండు గిన్నెలు తాగింది. లెనార్డ్ ఒక్క చెంచా కూడా ముట్టలేదు.

తర్వాత వారమంతా అతను దిగులుగా తిరిగాడు. సాయంత్రాలు వంటింట్లోకి వచ్చి, "ఆ బంతిని అలా కాకుండా ఇలా వేసుంటే?" అని మొదలుపెట్టేవాడు. ఆమె ఓపిగ్గా వినేది. చలికాలంలో పాత ఆటల కథలన్నీ చెప్పింది. వాళ్ళ నాన్న రేడియోలో విన్నవి కూడా. మంచు కురిసే రాత్రులు వాళ్ళింటి కిటికీలో దీపం వెలుగుతుంటే, ఇద్దరూ ఏ పాత ఇన్నింగ్స్ దగ్గరో ఉండి ఉంటారనుకునేదాన్ని.

ఆ మరుసటి ఏడాది మా జట్టు ఘోరంగా ఆడింది. జూన్‌కే అందరూ ఆశ వదులుకున్నారు. బెర్నీ చూడటం మానలేదు, తిట్టడం మాత్రం తగ్గించింది. లెనార్డ్ కూడా మొదట్లో ఉత్సాహంగానే కూర్చునేవాడు. కాని తెల్లవారకముందే గనికి పోవాల్సిన మనిషి, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదోది దాటకముందే గురక పెట్టేవాడు.

"లేపి పడుకోమని పంపరాదూ?" అన్నాను ఒకసారి, కంచె దగ్గర.

"ఎందుకే?" అంది. "నిద్రపోయినా లేచి వెళ్ళట్లేదుగా."