వెండెల్ చెంచా

వాల్‌బుర్గా ఎనభై ఒక్క ఏళ్ళు బతికింది. అందులో రెండేళ్ళు ఆమెకు మతి చలించిందని ఊరంతా నమ్మింది. ఆమె కాదనలేదు.

కొడుకు వెండెల్ రష్యా యుద్ధానికి పోయాక పదకొండు ఆవులూ, కొండవాలు గడ్డీ అత్తాకోడళ్ళ నెత్తిన పడ్డాయి. యుద్ధఖైదీల శిబిరం వాళ్ళు ఎమీల్ అనే ఫ్రెంచి ఖైదీని పనికిచ్చారు. శత్రుదేశపు ఖైదీ ఇంటివాళ్ళతో ఒకే బల్ల దగ్గర తినకూడదని చట్టం. దొరికితే వాడు తిరిగి శిబిరానికి, ఇంటి ఆడవాళ్ళు జైలుకి.

“పొద్దంతా ఎద్దులా పనిచేసేవాణ్ణి మూలన కూచోబెడతానా? నా ఇంట కుదరదు” అంది వాల్‌బుర్గా.

మా కొండల్లో ఇంటిల్లిపాదీ ఒకే పెనంలోంచి తింటారు. తిన్నాక ఎవరి చెంచా వారు తుడిచి, బల్ల అంచు కింద తమ చోట ఉన్న తోలు పట్టీలో దోపుతారు. మనిషి చనిపోతే ఆ పూటే చెంచా తీసేస్తారు. వాల్‌బుర్గా ఎమీల్‌ను వెండెల్ చోట కూర్చోబెట్టి, వెండెల్ చెంచా ఇచ్చింది. బయట అడుగుల చప్పుడైతే వాడు మూలనున్న చిన్న బల్లకు గెంతేవాడు.

ఓసారి పోలీసు ఎగ్గర్ భోజనాల వేళ ఊడిపడ్డాడు. పెనంలోకి తొంగిచూశాడు.

“ఇద్దరు ఆడవాళ్ళు మూడు వైపులా ఎలా తిన్నారు పెద్దమ్మా?”

“అది నా కొడుకు చోటురా. వాడి వంతు కూడా నేనే తింటా. తల్లిని కాదూ? నీకు ఆకలైతే చెప్పు, కూచో.”

ఎగ్గర్ నవ్వి వెళ్ళిపోయాడు.

పంతొమ్మిది వందల నలభైమూడు వేసవిలో అతనే టోపీ చేత పట్టుకుని వచ్చాడు. వెండెల్ యుద్ధంలో చనిపోయాడని కబురు. కోడలు ఆఫ్రా నేల మీద కూలబడింది.

“ఇక చెంచా తీసెయ్యి పెద్దమ్మా” అన్నాడు ఎగ్గర్ మెల్లగా.

తీసేస్తే మూడో చోటు ఎవరిదని చెప్పాలి? వాల్‌బుర్గా ఎమీల్ వైపు చూడలేదు.

“ఎవడో పోయుంటాడు. నా కొడుకు వస్తాడు. చెంచా ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తా!”

ఆ రోజు నుంచి ఆఫ్రా ఒక్కతే నల్లబట్టలు కట్టింది, ఒక్కతే ఏడ్చింది. అత్త రాతిగుండె మనిషని పుట్టింట్లో చెప్పుకుంది. అత్త మాత్రం రోజూ మూడో చోట రొట్టె పెట్టింది.

యుద్ధం ముగిసి, ఎమీల్ మూట భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. వాల్‌బుర్గా లోపలికొచ్చి, తోలు పట్టీలోంచి చెంచా తీసి ఏప్రన్ అంచుతో తుడిచింది.

“అత్తా! ఆయన లేడని నీకు మొదటి రోజే తెలుసా?” అంది ఆఫ్రా.

“కన్నదాన్ని, తెలీదటే?”

అప్పుడు ఏడ్చింది వాల్‌బుర్గా, రెండేళ్ళదీ ఒకేసారి.