తల ఊపింది సిరి కాదు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. దాని బరువుకు అలవాటు పడ్డాననుకున్నాను. పడలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను సింగపూర్‌లోనే పుట్టాను. మా తాతలు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అమ్మ పోయాక యీషున్‌లోని మా ఫ్లాట్‌లో ఒక్కదాన్నే మిగిలాను. కంప్యూటర్ ఉద్యోగాలకని మనవాళ్లు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. అలా వచ్చిన తెనాలి అమ్మాయి శిరీషకు ఒక గది అద్దెకిచ్చాను. కొన్నాళ్లకే ఆమె నాకు సిరి అయింది, నేను ఆమెకు అక్కనయ్యాను. సాయంత్రమైతే ఆమె తాళం తీసే చప్పుడు కోసం ఎదురుచూసేదాన్ని.

నాది అలంకరణ పని. హారుకో అనే జపాన్ పెద్దావిడ సెలూన్‌లో చేసేదాన్ని. గెయిషా అలంకరణ, అంటే అక్కడి నాట్యకత్తెల ముఖాలంకరణ, ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ముందు గట్టి మైనపు ముద్దను అరచేతుల మధ్య వేడెక్కేదాకా రుద్ది, ముఖానికీ మెడకీ వీపు పై భాగానికీ పల్చగా పట్టించాలి. కనుబొమలు కూడా ఆ మైనం కింద అణిగిపోవాలి. తెల్లపొడిని నీళ్లలో కలిపి వెడల్పాటి కుంచెతో పూయాలి, తడి ఆరకముందే స్పాంజితో అద్దాలి. మెడ వెనుక మాత్రం రెండు పాయలుగా అసలు చర్మాన్ని వదిలేయాలి. చివర్లో కళ్ల కొసలకు ఎరుపు, పెదవుల నడుమ చిన్న ఎర్రని మొగ్గ. తెలుపు పడుతున్నకొద్దీ కుర్చీలో మనిషి కదలకుండానే ఎటో వెళ్లిపోతున్నట్టుండేది, పొద్దుటి మంచులోకి నడిచిపోతున్నట్టు. ఎంతమందికి వేసినా నాకు ఆ వింత తీరలేదు.

ఆ ఏడు సిరి వాళ్ల కంపెనీ విందులో జపాన్ వేషాలు. అయిదుగురు అమ్మాయిలు విసనకర్రలతో నాట్యం చేయాలి. ఒకమ్మాయికి జ్వరమొచ్చింది. నెలంతా వాళ్ల సాధన చూస్తున్నదాన్ని కాబట్టి నన్ను నిలబెట్టారు. హోటల్ గదిలో సిరికి నేను రంగు వేశాను. నాకు హారుకో గారు వేశారు. అద్దంలో నా ముఖం నెమ్మదిగా మాయమైంది. పక్కన సిరిదీ మాయమైంది. ఇద్దరం ఒకటే మనిషిలా ఉన్నాం.

"అక్కా, కరీమ్ నన్ను గుర్తుపడతాడా?" అంది సిరి, పెదవులు కదిలీ కదలకుండా. "నీలం నడికట్టు నాదని ఎప్పుడో చెప్పానులే."

కరీమ్ ఆమె ఆఫీసులోనే పనిచేసే హైదరాబాదు అబ్బాయి. పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఇంట్లో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. దాని మీదే గొడవై, ఆ వారమంతా మాటల్లేవు.

వేదిక ఎక్కేముందు ఆ నీలం నడికట్టు బిగుతై ఊపిరాడటం లేదంది సిరి. కాస్త వదులుగా ఉన్న నా గులాబీ రంగుది విప్పి ఇచ్చాను. ఆమెది నేను కట్టుకున్నాను. అందులో ఏ దురుద్దేశమూ లేదు. ఇది మాత్రం నమ్మండి.

నాట్యం అయింది. మిగతావాళ్లు ఫోటోలకు వెళ్లారు. నేను హాలు వెనుక నడవాలో, మసక దీపం కింద నిలబడ్డాను. ఒళ్లంతా తేలిపోతున్నట్టుంది. కరీమ్ వచ్చాడు. నేరుగా నా ముఖంలోకి చూడలేదు. నీలం నడికట్టునే చూశాడు.

"సిరీ, నువ్వేం మాట్లాడకు, రంగు పగుల్తదేమో. నేను చెప్పేది ఇను చాలు. సిడ్నీ పొమ్మంటున్నరు, వచ్చే వారమే. నువ్వు ఉండమంటే పోను. ఆదివారం పొద్దుగాల పుంగ్గోల్ పడవల జెట్టీ కాడ ఉంట. వస్తే ఇద్దరం కలిసి మీ నాయనకు ఫోన్ చేద్దాం. రాకుంటే అదే నీ జవాబనుకుంట. మళ్ల అడిగి సతాయించ. సమజైందా?"

నేను సిరిని కాదు అనాలి. అంతే కదా, ఒక్క మాట. కానీ జీవితంలో ఎవరూ నాతో అంత మెత్తగా, అంత భయపడుతూ మాట్లాడలేదు. ఆ గొంతు ఇంకాసేపు నాదిగా ఉంటే బాగుండుననిపించింది. తల ఊపాను. ఆయన వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక చెబుదామనుకున్నాను. మర్నాడనుకున్నాను. ఆదివారం తెల్లవారింది. సిరి తలంటుకుని కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటోంది. కిటికీలోంచి పల్చటి ఎండ. "ఇవాళైనా ఫోన్ చేస్తాడంటావా అక్కా?" అంది. "చేస్తాడులే," అన్నాను. ఆయన అప్పుడు జెట్టీ దగ్గర నిలబడి ఉన్నాడని నాకు తెలుసు. దోసెలు పోశాను. ఆమె తింది.

కరీమ్‌ను నేను ప్రేమించానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. లేదు. సిరి పెళ్లి చేసుకుని వెళ్లిపోతే ఆ ఫ్లాట్‌లో మళ్లీ నేనూ ఫ్రిజ్ చప్పుడూ మిగులుతామన్న భయమే అసలు కారణమేమో. పైకి ఒప్పుకోవడానికి ప్రేమ కాస్త గౌరవంగా ఉండేది.

ఆయన సిడ్నీ వెళ్లాక సిరి ఈమెయిలు పంపింది. ఆదివారమే నీ జవాబు తెలిసింది, సంతోషంగా ఉండు, అని తిరిగి రాశాడు. ఆమె నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఏ ఆదివారం అక్కా? నేనేం జవాబిచ్చాను?"

"నాకేం తెలుసు సిరీ! వెళ్లిపోవాలనుకున్నవాళ్లు ఏదో ఒకటి రాస్తారు. మళ్లీ రాసి చులకనైపోకు."

ఆమె మళ్లీ రాయలేదు.

నడవాలో చేసింది కలలో చేసినట్టుందని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఇది మాత్రం పట్టపగలు, వంటింట్లో, నా సొంత ముఖంతో ఆమె కళ్లలోకి చూస్తూ అన్న మాట.

సిరి మరో మూడేళ్లు నాతోనే ఉంది. ఎన్నో సాయంత్రాలు నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నేను జుట్టు నిమిరాను. అంత ఏడుపులోనూ ఆమె నా దగ్గరే ఉందని నాకు హాయిగా ఉండేది. ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. తర్వాత విజయవాడ సంబంధం కుదిరింది. మంచివాడు. ఇప్పుడు సింగపూర్‌లోనే, బూన్ లే వైపు ఉంటారు. వాళ్లమ్మాయి నన్ను ఆంటీ అంటూ చుట్టుకుపోతుంది. మొన్న కూడా సిరి అంది, "ఆ రోజుల్లో నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో అక్కా" అని. నేను టీ పోస్తూ తల దించుకున్నాను.

ఆమె బాగానే ఉంది. అంతమాత్రాన నేను మేలు చేసినట్టా? చెబితే నా బరువు ఆమె నెత్తిన పడుతుందని ఆగుతున్నాను. అది జాలా, పిరికితనమా, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. కరీమ్ సిరిని అడిగాడు. ఆ ప్రశ్న సిరికి చేరనే లేదు. తల ఊపింది నేను. ఈ మాటను ఇంతవరకూ గట్టిగా పలకలేదు, కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను. ఊపిరి ఆడుతోంది.