వాటర్‌ప్రూఫ్ వాచీ, రెండో మునక

సముద్రానికి పోటునూ పాటునూ నేర్పిన దేవునికి స్తోత్రం. గోదావరిని మా యానాం దాకా నడిపించి, మా తిక్క వేషాలన్నీ ఆ ఒడ్డున నిలబడి చూసి కూడా, మా మీద విసుగు తెచ్చుకోనందుకు మరీ స్తోత్రం. ఆయన ఓర్పు ఎంతటిదో చెప్పడానికి నా దగ్గర ఒక వాచీ సంగతి ఉంది.

ఎనభైల నడిమి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. ఐసు ఫ్యాక్టరీలో పని. నీళ్ళు నింపిన డబ్బాలను ఉప్పునీటి తొట్టిలోకి దించడం, గడ్డకట్టాక పైకి లాగడం. నాన్న ఇచ్చిన కీ వాచీ ఆ చెమ్మకు ఆరు నెలల్లోనే అద్దం లోపల ఆవిరి పట్టి ఆగిపోయింది. వాచీ లేకపోతే ఏ డబ్బా ఎప్పుడు తీయాలో తెలియదు. ఖరీదైనది కొనే స్తోమత లేదు. సరిగ్గా అప్పుడే బజారులోని ఒక ఫ్యాన్సీ షాపులో నల్ల ప్లాస్టిక్ బెల్టు డిజిటల్ వాచీలు దిగాయి. షాపాయన ఒకదాన్ని నీళ్ళ గ్లాసులో వేసి కౌంటరు మీద పెట్టాడు. నీళ్ళ అడుగున అంకెలు మారుతూనే ఉన్నాయి. మందు చవకైన మా ఊళ్ళో గ్లాసు కనబడితే పొరుగూళ్ళ వాళ్ళు ఎందుకు ఆగుతారో అందరికీ తెలుసు. వాచీ కోసం ఆగింది నేనొక్కణ్ణేనేమో.

“ఈ గ్లాసులోదే ఇవ్వండి,” అన్నాను.

“అది శాంపిలండి. మీకు పెట్టెలోది ఇస్తాను. రెండూ ఒకటేనండి, ఆయ్!”

“అయితే పెట్టెలోది ఓసారి ముంచి చూపించండి.”

“ముంచేస్తే ఇంక అది కొత్తదెలా అవుద్దండీ?”

పెట్టెలోదే కొనేశాను. వారం రోజులు ఊరంతా తిరిగి, ఇది నీళ్ళలో పడ్డా, బండరాయి మీద పడ్డా ఏమీ కాదని చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో పని మొదలుపెట్టే ముందు మాత్రం ఎవరూ చూడకుండా విప్పి మేకుకు తగిలించేవాణ్ణి.

ఆ ఆదివారమే నా బాప్తిస్మం. మాది చిన్న సంఘం. మనిషి నిండా మునగాలి, చిలకరింపులు చెల్లవు. పైగా మా రేవులో పోటు మీదున్నప్పుడే బాప్తిస్మం పెట్టుకోవాలి. పాటు మొదలైతే నీళ్ళు వెనక్కిపోయి బురద మిగులుతుంది. అమ్మ నా కోసం ఏళ్ళ తరబడి ప్రార్థన చేసింది. మంగళవారం ఆమెకు కాకినాడలో ఆపరేషను. ఆ లోపల ఒక్కసారి తన పక్కన కూర్చుని నేను ప్రభువు బల్లలో రొట్టె తీసుకోవడం చూడాలని ఆమె ఆశ. బల్ల నెలకొక్కసారే, ఈ నెలది ఆ ఆదివారం మధ్యాహ్నమే. బాప్తిస్మం లేనివాడికి అందులో పాలు లేదు.

నడుము లోతు నీళ్ళలో దిగాను. వాచీ విప్పలేదు. వారం రోజుల గొప్పలు విన్నవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు మరి. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నా మెడ కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చి ముంచారు. పైకి లేచేసరికి పాట వినబడాలి. వినబడలేదు.

“ఆగండాగండి!” అని ఒడ్డు మీదనుంచి కేక. పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన సంఘ పెద్ద గారిది. “వాడి ఎడమ చెయ్యి మునగలేదండి. జెండాకర్రలాగ పైనే ఉంది. నేను కళ్ళారా చూశాను.”

నాకే తెలియకుండా ఎత్తేశాను.

“తలకాయి మునిగింది కదండీ,” అన్నారు అయ్యగారు.

“తలకాయి మునిగిందండి, ఒళ్ళు మునిగిందండి. ఎడమ చెయ్యి మాత్రం అన్యుడుగానే ఉండిపోయింది.”

చేపలమ్మే మా మేనత్త నవ్వు ఆపుకోలేకపోయింది. “రొట్టె తీసుకునేది కుడి చేత్తోనే కదండీ పెద్దయ్యగారూ! వదిలెయ్యండి!”

“పోనీ, ఆ చెయ్యొక్కటీ ముంచేద్దామా?” అన్నారింకెవరో.

“బాప్తిస్మం ముక్కలుగా ఇవ్వరమ్మా,” అన్నారు పెద్ద గారు. పార్శిలుకు స్టాంపు చాలదని తిప్పిపంపినప్పుడు కూడా ఆయన గొంతు ఇలాగే ఉండేదట.

వాదం సాగుతూనే ఉంది. నీళ్ళు నా నడుము నుంచి తొడలకు దిగాయి. టైమెంతయిందని అయ్యగారు అడిగితే అందరూ నా చేతివైపే చూశారు. ఒడ్డున అమ్మ తెల్లచీర కొంగు పిండుతూ నిలబడింది. ఇంకో పావుగంట గడిస్తే ముంచడానికి నీళ్ళుండవు. వచ్చే నెల బల్లకు అమ్మ ఉంటుందో లేదో తెలియదు.

“ఎందుకెత్తావు నాయనా?” అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

ఇంక దాచి లాభం లేదు. “వాచీ మీద నమ్మకం లేదండి. మేకుకి తగిలించి పని చేస్తున్నానండి. ఊరికే కోతలు కోశానండి,” అన్నాను సంఘమంతా వినేలాగ. ఒడ్డున కుర్రకారు ఈల వేసింది.

అమ్మ మాత్రం గబగబా నీళ్ళలోకి దిగి వచ్చింది. “దేవుణ్ణి నమ్మావా?”

“నమ్మానమ్మా.”

“అయితే దీని సంగతి నేను చూసుకుంటాను,” అని వాచీతో సహా నా మణికట్టు పట్టుకుని నీళ్ళలోకి అదిమేసింది. “కానివ్వండి అయ్యగారూ! నీళ్ళు పోతున్నాయి.”

తొడలోతు నీళ్ళలో పడుకోబెట్టినట్టే ముంచారు. వీపుకు బురద తగిలింది, ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయాయి. పైకి లేచి, నిజం చెబుతున్నాను, స్తోత్రం అనకముందే వాచీ చూసుకున్నాను. అంకెలు నడుస్తున్నాయి. పెద్ద గారు అదీ చూశారు. నోరు తెరిచారు. మా మేనత్త ఠక్కున పాట ఎత్తుకుంది.

మధ్యాహ్నం బల్ల దగ్గర అమ్మ పక్కన కూర్చున్నాను. నా చెవుల్లో ఇంకా బురద ఉంది. పెద్ద గారే రొట్టె పళ్ళెం పట్టుకొచ్చారు. నా ముందు ఒక్క క్షణం ఆగి, “రెండు చేతులూ చాపు,” అన్నారు. చాపాను. అమ్మ తన రొట్టె నోట పెట్టుకోకుండా, నేను మింగేదాకా నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో అనండి: తండ్రీ, పిల్లల కోసం నీళ్ళలోకి దిగే తల్లులందరినీ కాపాడు. రేపో ఎల్లుండో ఆపరేషను బల్ల ఎక్కబోయే వాళ్ళ చెయ్యి పట్టుకో. సగం నమ్మకంతో వచ్చేవాళ్ళను తిప్పి పంపకు. ఆమేన్.