బొటనవేలు ఎంచిన ప్రాసెసర్

మా ఇంట్లో కంప్యూటర్ కొనాలనుకున్నప్పుడు, ఏది కొనాలో నాకు తప్ప మిగతా అందరికీ తెలుసు. అప్పటికి నేను గుంటూరులో ఎంసీఏ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటి ఎన్నాళ్లో కాలేదు. బ్రాడీపేటలో ఏ గోడ చూసినా జావా నేర్పుతామనే బోర్డే, ఏ ఇంట్లో చూసినా పిల్లవాడు సాఫ్ట్‌వేర్ అవుతున్నాడనే కబురే. మనిషి సాఫ్ట్‌వేర్ ఎలా అవుతాడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నా బాధ వేరు. ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు చేయాలి. కాలేజీ ల్యాబులో ఒక్కో కంప్యూటర్‌కు ముగ్గురం ఉండేవాళ్లం. మగపిల్లలు కీబోర్డు పట్టుకుంటే వదలరు. వెనక నిలబడి ఫలానా లైను చివర సెమికోలన్ మర్చిపోయావని చెప్పడంతోనే నా చదువు చాలావరకు గడిచింది. బయటి సెంటర్లకు సాయంత్రాలు పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ప్రాజెక్టు నేనే రాస్తాను, లేకపోతే మా క్లాసులో చాలామందిలాగా ఎవరో రాసినదానికి అట్ట వేయించి ఇస్తాను. అలా చేస్తే పట్టా వస్తుంది, పని రాదు. నాకు పని రావాలి.

నాన్న మిర్చి యార్డులో మామయ్య కమిషన్ కొట్టులో పనిచేసేవారు. రైతు తెచ్చిన కాయను చేత్తో చూసి, అది ఏ రకమో, ఏ ధరకు పోతుందో చెప్పడం ఆయన పని. మామయ్య అంటే మా అమ్మకు అన్న. కొట్టు ఆయనది, మాట ఆయనది, తల ఊపడం నాన్నది. కంప్యూటర్‌కు సగం డబ్బు మామయ్య ఇస్తానన్నారు. డబ్బు సగమే గానీ అభిప్రాయం మాత్రం మొత్తం ఆయనే ఇచ్చారు.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడులాంటిదని ఆయనకు చెప్పడం నేను చేసిన మొదటి పొరపాటు. మెదడు దగ్గర పిసినారితనం ఏమిటని పట్టుకున్నారు. మా ముందు రెండు రకాలున్నాయి. ఒకటి టీవీలో ప్రకటన వచ్చే కంపెనీది, ఖరీదైనది. రెండోది ప్రకటన రాని కంపెనీది, దాదాపు సగం ధర. ఖరీదైనది తీసుకుంటే మిగిలిన డబ్బుకు మెమరీ బొటాబొటిగా వస్తుంది, యూపీఎస్ రానే రాదు. చవకది తీసుకుంటే రెట్టింపు మెమరీ వేయించుకుని, యూపీఎస్ కూడా పెట్టుకోవచ్చు. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియని రోజులవి. యూపీఎస్ లేకపోతే పొద్దుటి నుంచి రాసినదంతా ఒక్క క్షణంలో గాలికి పోతుంది.

"కరెంటు పోతే మళ్లీ వస్తుందిగా" అన్నారు మామయ్య. బోరుకు ఐదు హెచ్‌పీ మోటారు వేసుకున్నవాడు మూడు హెచ్‌పీ వాడి పొలానికి నీళ్లకోసం వెళ్లడు, కంప్యూటరైనా అంతేనన్నారు.

నేను ఓపిగ్గా చెప్పాను. నేను తోడేది నీళ్లు కాదు. ఒక లైను రాసి, తప్పెక్కడుందో తెలియక అరగంట నెత్తి గోక్కునే మనిషిని. ఆ అరగంటలో ఎంత గొప్ప ప్రాసెసరైనా చేసే పని ఒకటే, నాకోసం ఎదురుచూడటం. ఎదురుచూడటానికి చవకది చాలు. మామయ్య అంతా విని, ఆడపిల్లకు పొదుపు ఉండటం మంచిదేనని మెచ్చుకుని, ఖరీదైనదే కొందామన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించి లాభం లేదు. నాన్న వైపు చూశాను. ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తున్నారు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కంప్యూటర్ కొనకముందే దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా మామయ్య తేల్చేశారు. ముందు గదిలో, వీధిలోకి కనబడేలా, టీవీ పక్కన. అక్కడ కూర్చుని రాస్తే వచ్చేపోయేవాళ్లందరికీ నేను ప్రదర్శన. మామయ్యకు కావలసింది నా ప్రాజెక్టు కాదు, ఆ పెట్టె మీద ఉండే కంపెనీ స్టిక్కరు.

కొనడానికి ముగ్గురం బ్రాడీపేటలో ఒక కంప్యూటర్ షాపుకు వెళ్లాం. మంచి మిర్చి సీజను. నాన్న యార్డు నుంచి అలాగే, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చేశారు. షాపాయన మామయ్య మాటలు వినగానే ఎలాంటి మనిషో కనిపెట్టి ఖరీదైన పెట్టెను ముందుకు జరిపాడు. నేను చెప్పబోయినదానికి నవ్వి, కూల్‌డ్రింక్ తెప్పించాడు.

మామయ్య జేబులోంచి డబ్బు తీస్తుండగా నాన్న మొదటిసారి నోరు తెరిచారు.

"సరుకు ఒకసారి చేత్తో చూడొచ్చాండీ?"

యార్డులో టిక్కీని, అంటే మూతి కట్టిన మిర్చి బస్తాను, కట్టినట్టే ఎవరూ కొనరు. పైన ఎర్రగా మెరిసే కాయ ఉంటుంది, అడుగున రంగు పోయిన తాలుకాయ ఉంటుంది. అందుకని బస్తా విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి తీసి చూస్తారు. ఇవి మిరపకాయలు కావని షాపాయన నవ్వాడే గానీ, పెద్దమనిషి ముచ్చట కదా అని రెండూ విప్పించి బల్లమీద పెట్టించాడు. అరచేతిలో ఇమిడే పలక, దాని అడుగున చీమకాళ్లలాంటి పిన్నులు వరసలు వరసలుగా.

నాన్న ఖరీదైనదాన్ని రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా పెట్టేశారు. చవకదాన్ని తీసుకుని, వెల్లకిలా తిప్పి, బొటనవేలితో పిన్నుల మీద గట్టిగా ఒక రుద్దు రుద్దారు. ఒక వరస వరసంతా గాలివానకు పడ్డ పైరులా పక్కకు ఒరిగిపోయింది.

షాపాయన మొహంలో నవ్వు పోయింది. పిన్ను వంగిన సరుకు ఇంకెవరికీ అమ్మలేనని, అది మీరే తీసుకోవాలని కచ్చితంగా చెప్పాడు. మామయ్య మొహం మిరపపండు అయింది. రెండూ కొనేంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. ఒక్క పిన్ను విరిగినా పలక పనికిరాదు. అప్పుడు డబ్బూ పోయె, కంప్యూటరూ పోయె. నేను ఎవరి ప్రాజెక్టుకో అట్ట వేయించుకోవడమే.

షాపు మెకానిక్ పలకను నాన్న చేతిలోంచి తీసుకుని పరీక్షగా చూశాడు. చూస్తూ చూస్తూ, నుదుటి చెమట తుడుచుకోబోయి కన్ను కూడా తుడుచుకున్నాడు. నాన్న చేతిది మేలు రకం మిర్చి. అతను పలకను బల్లమీద పడేసి గంతులు వేయడం మొదలుపెట్టాడు. జీవితమంతా మిర్చి వ్యాపారం చేసిన మామయ్య నీళ్లు కొట్టమని అరిచారు, నీళ్లు కొడితే మంట ఇంకా పెరిగింది. షాపాయన మజ్జిగ కోసం పక్క హోటలుకు పరుగెత్తాడు.

నా బ్యాగులో పెన్‌పెన్సిల్ ఉంది. ములుకు తీసేసి చూస్తే దాని మొన బోలుగా, సరిగ్గా ఆ పిన్ను పట్టేంత సన్నగా ఉంది. ఒక్కో పిన్నుకూ తొడిగి, ఊపిరి బిగబట్టి, మెల్లగా నిటారుగా లేపాను. నన్నెవరూ వద్దనలేదు. కారణం నామీద నమ్మకం కాదు, అందరూ ఆ కంటి చుట్టూ ఉన్నారు. మజ్జిగ వచ్చేసరికి వరస లేచి నిలబడింది. మెకానిక్ ఒంటికన్నుతోనే పలకను బోర్డులో కూర్చోబెట్టి స్విచ్ వేశాడు. నల్లటి తెరమీద తెల్లటి అంకెలు పరుగెత్తుతూ మెమరీని లెక్కపెట్టుకున్నాయి. రెట్టింపు మెమరీ. యూపీఎస్ కూడా వచ్చింది.

ఆటోలో మామయ్య యూపీఎస్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇల్లు చేరేసరికి మొదటినుంచీ తన మనసు చవకదాని మీదే ఉందని అమ్మకు చెబుతున్నారు.

మర్నాడు పొద్దున నాన్న యార్డుకు బయలుదేరుతుంటే అడిగాను. తొడిమ ఊడితే ధర పడిపోతుందని మిరపకాయను పసిపిల్లలా పట్టుకునే చెయ్యి అది. ఖరీదైనదాన్ని అంత సుతారంగా పట్టుకుని, చవకదాన్నే ఎందుకు అలా రుద్దింది?

నాన్న చెప్పులు వేసుకుంటూ తల ఎత్తకుండా అన్నారు.

"మీ మామయ్యకు ఎదురు చెప్పడం నావల్ల కాదమ్మా. వేలంటావా, జారిందంటే సరిపోతుంది."

"విరిగితే?"

"విరగలేదుగా."

ఆయన వెళ్లాక ముందు సంతోషం వేసింది, తర్వాత ఒళ్లు మండింది. నేను చెప్పింది సబబని ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఆ మాట నోటితో అంటే సరిపోయేది. మా ఇళ్లలో మగవాళ్లకు ఆడపిల్ల చెప్పింది నిజమని పదిమందిలో ఒప్పుకోవడం కంటే, అంత డబ్బు పోసి కొనే వస్తువును వంచెయ్యడం తేలిక. ఆ వారమంతా నాన్నతో ముభావంగానే ఉన్నాను. కంప్యూటర్‌ను మాత్రం ముందు గదిలోంచి వంటింటి పక్క గదిలోకి మార్చేశాను. స్టిక్కరు లేదు కాబట్టి మామయ్య అభ్యంతరం చెప్పలేదు.

ప్రాజెక్టు నేనే రాశాను. యార్డులో ఏ రైతు సరుకు ఏ ధరకు పోయిందో, కమిషన్ పోగా చేతికెంత వస్తుందో లెక్కకట్టే ప్రోగ్రాం. రాస్తుండగా కరెంటు ఎన్నిసార్లు పోయిందో గుర్తులేదు. పోయిన ప్రతిసారీ యూపీఎస్ కీచుమని అరిచేది, నేను తాపీగా సేవ్ చేసుకునేదాన్ని.

ఆ ప్రోగ్రాం మామయ్య చెవిన పడింది. మరుసటి సీజనులో ఇద్దరు వ్యాపారులను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కొట్టులో కంప్యూటర్ పెడతారట. కాఫీ తాగుతూ, కిందటిసారి తాను ఎంత బాగా ఎంపిక చేశారో వాళ్లకు వివరించి, నాన్న వైపు తిరిగి ఈసారి ఏ ప్రాసెసర్ వేయిద్దామని అడిగారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్న క్యాలెండరు చూస్తారనుకున్నాను.

"నన్నడక్కు బావా, మా అమ్మాయిని అడుగు" అన్నారు నాన్న. "కిందటిసారి కూడా మనలో తెలిసింది దానికొక్కదానికే."

మామయ్య కప్పు కింద పెట్టి, నా వైపు తిరిగి, ఏది కొందామే కోడలా అని అడిగారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నాన్న గోడకానుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని విన్నారు.