ఎలీశమ్మ చెయ్యి

ఎల్బీ నగర్‌లో మెట్రో లైను పక్క సందులో ఉన్న ఆ మందుల షాపుకు బోర్డు మీద ఒక పేరుంది. అది ఎవరికీ గుర్తుండదు. "సిస్టరమ్మ షాపు" అంటే మాత్రం ఆటోవాళ్లు కూడా సరిగ్గా తెచ్చి దింపుతారు.

సిస్టరమ్మ అంటే ఎలీశమ్మ. యాభై తొమ్మిదేళ్లు. సొంతూరు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. షాపు వెనక గదిలో ఒక స్టూలు, ఒక బెంచీ, ఒక స్టీలు ట్రే పెట్టుకుని పన్నెండేళ్లుగా సూదులు వేస్తోంది. ధనుర్వాతం, కుక్క కాటు, చలికాలంలో ఫ్లూ టీకా. డాక్టరు చీటీ ఉన్నవాళ్లకూ వేసింది, లేనివాళ్లకూ వేసింది. ఆమె వేస్తే పిల్లలు ఏడవరని పేరు. సూది దిగేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. "మీ ఇంట్ల ఇయ్యాల ఏం కూరరా?" అంటుంది. పిల్లవాడు గుర్తు చేసుకునేలోపు పని అయిపోతుంది.

ఆమెకు రెండు పట్టుదలలు ఉన్నాయి. టీకా వేయించుకున్నవాళ్లు అరగంట బెంచీ మీద కూర్చోవాల్సిందే. రెండోది, కార్డు మీద తేదీ, సీసా నంబరు రాసి పక్కన 'ఎ' అని సంతకం పెడుతుంది. అవే వివరాలు చర్చిలో కొత్త సంవత్సరానికి ఇచ్చే చిన్న డైరీలో మళ్లీ రాసుకుంటుంది. ఆ చుట్టుపక్కల చాటుగా సూదులు వేసే వాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఎవరూ ఎక్కడా సంతకం పెట్టరు. పెడితే దొరికిపోతారు కాబట్టి.

ఈ అలవాటు నేర్పింది ఒక డాక్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇప్పుడు కోచింగ్ సెంటరు ఉన్నచోట, ఆయన నర్సింగ్ హోం ఉండేది. ఎలీశమ్మ అందులో ఆయా. దుప్పట్లు ఉతకడం, బెడ్‌ప్యాన్లు కడగడం ఆమె పని. నర్సులు సెలవు పెట్టిన ఒక వారం డాక్టరు ఆమె చేతికి సిరంజి ఇచ్చాడు. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి తెచ్చిన బత్తాయిల మీద రెండు రోజులు నేర్పించి, మూడో రోజు మనుషుల దగ్గరికి పంపాడు. "పొడిచినోళ్ల పేరు కార్డు మీదుండాలె ఎలీశమ్మా. తప్పు జరిగితే ఎవల్ని అడగాలె?" అనేవాడు. డాక్టరు పోయాడు, నర్సింగ్ హోం మూతపడింది. తర్వాత ఈ మందుల షాపు ఓనరు బాపిరాజు ఆమెను పనిలో పెట్టుకున్నాడు. జనం సిస్టరమ్మ అని పిలవడం అక్కడే మొదలైంది. ఆ పిలుపును ఆమె అడగలేదు. కాదని కూడా అనలేదు.

ఈ ఏప్రిల్‌లో మందుల షాపుల మీద తనిఖీలు మొదలయ్యాయి. డాక్టరో, రిజిస్టరైన నర్సో తప్ప ఇంకెవరూ షాపుల్లో టీకాలు వేయకూడదని, వేస్తే లైసెన్సు పోతుందని చెప్పారు. బాపిరాజు ఎలీశమ్మను గురువారం నుంచి ఇంట్లోనే ఉండమన్నాడు. సోమవారం ఆమె తిరిగొచ్చేసరికి షాపు అద్దానికి "ఇచ్చట ఇంజెక్షన్లు వేయబడవు" అన్న కాగితం అతికించి ఉంది. వెనక గది తలుపు మాత్రం తెరిచే ఉంది.

"అది రోడ్డు మీద పోయేవాళ్లు చదూకోడానికి. నువ్వు లోపలికి రా," అన్నాడు బాపిరాజు.

ఎలీశమ్మ లోపలికి వెళ్లింది. ఎందుకు వెళ్లావని తర్వాత ఎవరో అడిగితే, "నాకు ఇంకో పని రాదు గద" అంది. అది సగం నిజం. గుమ్మం దగ్గర అప్పటికే ఇద్దరు "సిస్టరమ్మా" అంటూ నిలబడి ఉండటం మిగతా సగం.

ఆ సోమ, మంగళవారాల్లో నలుగురికి కుక్క కాటు టీకా వేసింది.

బుధవారం ఉదయం బాపిరాజు మంచి హుషారులో ఉన్నాడు. భీమవరం మనిషి, మాట దాచుకోలేడు.

"చూశావా ఎలీశమ్మా మన తెలివి? ఈ లైన్లో మూడు షాపులకి నోటీసులిచ్చారు. మన ఫ్రిజ్ తెరిస్తే ఇన్సులిన్ తప్ప ఏముంది? టీకాలన్నీ స్కూటర్ డిక్కీలో పడేశా!"

"ఏ స్కూటరు సేటూ?"

"సేటు కాదు, రాజును అని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నా స్కూటరే. బయట పెట్టాగా."

"ఎండలనా?"

"మరి నీడెక్కడుందిక్కడ? మెట్రో పిల్లరు నీడ సాయంత్రం దాకా అవతలి రోడ్డు మీదే ఉంటుంది."

"ఐసు పెట్టిన్రా?"

"ఐసు పెడితే నీళ్లు కారవూ? అనుమానం రాదూ?"

"ఎన్ని దినాలున్నయి అట్ల?"

"గురువారం పొద్దున పెట్టా. శనివారం సాయంత్రం తీశా." ఆమె మొహం చూశాక గానీ అతని గొంతు తగ్గలేదు. "అది పొడి మందే తల్లీ. నీళ్లు కలిపితేనే గదా సూది. ఏమీ కాదు."

"ఏం కాదని ఎవలు చెప్పిన్రు?"

ఎలీశమ్మ ఫ్రిజ్ తెరిచి, మిగిలిన సీసాలు తీసి తన టిఫిన్ డబ్బాలో పెట్టుకుంది. అన్నం పారబోయాల్సి వచ్చింది.

"ఏం చేస్తున్నావ్?"

"నలుగురికి ఏసిన. పొయ్యి చెప్పాలె, మల్ల ఏపిచ్చుకోమని."

"చెప్తే ఏమడుగుతారు? ఎవరేశారు, ఎక్కడేశారు అని అడుగుతారు. నా లైసెన్సు పోతుంది. నీకేముంది పోయేది?"

"నాకు గూడ ఉన్నది సేటూ," అంటూ ఆమె చెప్పులు వేసుకుంది.

సాయంత్రానికి ముగ్గురికి చెప్పింది. కర్రీ పాయింట్ నడిపే ఆవిడ, "నీ చేతులిరగ, నా పాణాలతోని ఆటలా?" అని బజారంతా వినేలా తిట్టి, తిడుతూనే ఆటో పిలుచుకుంది. ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు ఫోన్లోనే "సరే ఆంటీ" అన్నాడు. నమ్మకం కుదరక రెండోసారి చేసింది. అప్పటికే దవాఖానలో లైన్లో ఉన్నాడు. రిటైరైన కండక్టరు ఒకాయన మాత్రం ఆమె కళ్ల ముందే కార్డు చించేశాడు. అయినా దవాఖానకు పోయాడు.

నాలుగోది భావన. ఎనిమిదేళ్ల పిల్ల. సోమవారం పొద్దున సరూర్‌నగర్‌ చెరువు దగ్గర కుక్క పిక్క పట్టింది. రెండో డోసు గురువారం. ఆ ఉదయం ఏడింటికే ఎలీశమ్మ వాళ్లింటికి వెళ్లింది. తాత బాలమల్లు అరుగు మీద ఉన్నాడు. భావన తండ్రి లారీ మీద విజయవాడ పోయాడు. తల్లి సౌందర్య దిల్‌సుఖ్‌నగర్ చీరల షోరూములో డ్యూటీకి తయారవుతోంది.

"నువ్వే ఒచ్చినవా సిస్టరమ్మా! మేమే ఒస్తుంటిమి గద," అని బాలమల్లు కుర్చీ వేశాడు.

ఆమె కూర్చోలేదు. డిక్కీ సంగతి మొత్తం చెప్పింది. బాలమల్లు ఓపికగా విన్నాడు. విని నవ్వాడు.

"ఎండలున్నా, నీడలున్నా మందుల ఏముంటది? ఏసే చేతిల ఉంటది. నా మోకాలికి పెద్ద దవాఖానల మూడుసార్లు సూదులేసిన్రు. ఏమన్న అయిందా? నువ్వొక్కటేస్తె తెల్లారి కోదండరాం నగర్ దాక నడిచి పోయిన."

"మోకాలి నొప్పి కాదు మల్లన్నా. కుక్క కాటు. ఇది ముదిరితే మందు లేదు."

"నీ చెయ్యి పడ్డది, చాలు. నా మనమరాలిని ఇప్పుడు సర్కారు దవాఖానల గంటలు గంటలు నిలబెట్టి మల్ల మొదటినుంచి పొడిపియ్యాల్నా?" గొంతు తగ్గించాడు. "షాపుకాడ కాగితం అతికిచ్చిన్రట గద. గా గవర్నమెంటోళ్లు బెదిరిచ్చి నీతోని గిట్ల చెప్పిస్తున్నరు. పరేషాన్ గాకు. కొత్త డబ్బా నేనే కొనుకొస్తా. ఇంట్లనే ఎయ్యి. ఎవలు చూస్తరు?"

ఎలీశమ్మ మళ్లీ చెప్పింది. బాలమల్లు మళ్లీ తల ఊపాడు. ఆమె ఎంత చెబితే అతని కళ్లకు అంత మంచిదై పోతోంది. పిల్ల గుమ్మంలో నిలబడి, కాలికి కట్టిన గుడ్డ అంచు పీకుతోంది.

"నేను సిస్టర్ను కాదు మల్లన్నా."

"అంటే?"

"ఆయమ్మను. నర్సింగ్ హోంల దుప్పట్లు ఉతికిన, పాయకాన కడిగిన. నర్సు రానినాడు డాక్టరు సూది చేతికిచ్చిండు. గంతే. ఏడో తరగతి ఫెయిలు. ఏ మందు ఎట్ల పనిజేస్తదో నాకు తెల్వది. చల్లగ ఉండాలంటే చల్లగ ఉంచాలని తెలుసు. ఉంచలే."

బాలమల్లు ఖాళీ కుర్చీని పక్కకు జరిపాడు.

"మరి ఇన్నేండ్ల సంది?" అన్నాడు బాలమల్లు.

"మీరు పిలిచిన్రు. నేను పలికిన."

"మరి నా మోకాలు?" అన్నాడు. మోసం ఎక్కడ జరిగిందో అప్పుడే వెతుక్కుంటున్నట్టు.

సౌందర్య అప్పటికే బయటికి వచ్చి పిల్ల చెప్పులు కింద వేసింది. "నీ మోకాలు తర్వాత చూద్దాం మామా. భావనా, నడువు. సిస్టర..." అని ఆగి, "మీరు గూడ రాండ్రి. ఏమేసిన్రో మీరే చెప్పాలె," అంది.

ఆటోలో బాలమల్లు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వనస్థలిపురం దాకా వెనక్కి తిరగలేదు.

దవాఖానలో టీకా గది ముందు పొడుగు లైను. వాళ్ల వంతు వచ్చేసరికి పదయింది. నర్సుకు పాతికేళ్లుంటాయి. కార్డు చూసింది.

"మొదటి డోసు ఎవరేసిన్రు? ఈ 'ఎ' ఎవరు?"

సౌందర్య ఎలీశమ్మ వైపు చూసింది.

"నేనేనమ్మా."

"రిజిస్ట్రేషన్ నంబరు?"

"లేదు."

నర్సు తల ఎత్తి చూసింది. ఎలీశమ్మ టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, మూత తీసి, సీసాల సంగతి చెప్పింది. నర్సు డాక్టరును పిలిపించి, పిల్ల కాలి గుడ్డ విప్పింది. పిక్క మీద రెండు గాట్లు, ఒకటి లోతుగా.

"కరిసినప్పుడు రక్తమొచ్చిందా?" అని అడిగింది నర్సు.

"వచ్చింది," అంది సౌందర్య.

"మరి గాయం చుట్టూ వేసే మందు వేసిన్రా?"

ప్రశ్న ఎలీశమ్మకు. "అదేందమ్మా?" అందామె.

"రక్తమొచ్చిన కాటుకు చేతికేసే టీకా ఒక్కటే చాలదు. అది పనిచెయ్యడానికి రోజులు పడతయి. అప్పటిదాక విషాన్ని గాయం దగ్గరే ఆపడానికి ఇంకో మందు, గాయంలనే ఎయ్యాలె. తొందరగ తెచ్చిన్రు, నయమైంది."

అలాంటి మందు ఒకటుందని పన్నెండేళ్లలో ఆమె వినలేదు. బాపిరాజు షాపులో అది లేదు. లేనిదాని గురించి ఎవరూ అడగలేదు.

ఎలీశమ్మ పెన్ను అడిగి తీసుకుంది. కార్డులో తను రాసిన గడి మీద అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన మళ్లీ 'ఎ' అని పెట్టింది. రాసినవాళ్లే కొట్టేయాలని కూడా నర్సింగ్ హోం డాక్టరే చెప్పాడు.

గాయంలోకి సూది దిగినప్పుడు భావన వరండా చివరి దాకా వినిపించేలా అరిచింది. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఎలీశమ్మ "ఇయ్యాల ఏం కూర బిడ్డా?" అని అడగబోయి ఊరుకుంది.

తర్వాత అరగంట బెంచీ మీద కూర్చోమన్నారు. బాలమల్లు వచ్చి ఎలీశమ్మకు ఒక మనిషి దూరంలో కూర్చున్నాడు. ఆటో ఎక్కినప్పటి నుంచి మొదటిసారి మాట్లాడాడు.

"నువ్వేస్తే గిట్ల ఏడ్వకపోతుండె."

"ఏడ్వకపోతుండె," అంది ఎలీశమ్మ. "మందు మాత్రం పడకపోతుండె."

బాలమల్లు తువ్వాలు తీసి పిల్ల మొహం తుడిచాడు. ఎలీశమ్మ సంచిలోంచి డైరీ తీసింది. ఫోన్ మోగింది. బాపిరాజు. అది మోగి మోగి ఆగింది. ఆమె జనవరి పేజీ తెరిచి, కుక్క కాటు అని రాసుకున్న పేర్ల దగ్గర వేలు పెట్టి, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున ఆమె షాపుకు వెళ్లలేదు. చింతలకుంటలో ఒక ఇంటి తలుపు తట్టింది. తీసినావిడ నవ్వుతూ, "అరె సిస్టరమ్మా, మా ఇంటికొచ్చినవేంది?" అంది.

"సిస్టరమ్మను కాదు, ఎలీశమ్మను," అందామె. "జనవరిల మీ ఆయన్ను కుక్క కరిసింది గద. అప్పుడు రక్తమొచ్చిందా?"